నిలువు యాంటెన్నా బ్యాండ్ మార్చడానికి రిలేనా, ట్యూనరా, మోటారా?

హామ్ రేడియోలో 80 మీటర్ల బ్యాండ్ (తరంగం పొడవు సుమారు అంత) నుంచి 40కి మారాలంటే ఒకప్పుడు టార్చి పట్టుకుని యాంటెన్నా దాకా నడిచేవాణ్ణి. కాయిల్ మీది క్రొకొడైల్ క్లిప్పు పీకి ఇంకో చుట్టుకు తగిలించడం, లోపలికొచ్చి ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత తిరిగొస్తోందో చెప్పే కొలత, 1:1 అయితే ఏమీ రానట్టే) చూసుకోవడం. ఈలోపు నన్ను పిలిచిన స్టేషన్ వెళ్లిపోయేది. వాన పడితే ఇక ఆ రాత్రికి ఒకటే బ్యాండ్.

ఈ నడక తప్పించే దారుల్లో నా ఓటు రిలేకే, అంటే కరెంటుతో దూరం నుంచి పనిచేసే స్విచ్‌కే. 10 మీటర్ల గొట్టం 40 మీటర్లలో పావు తరంగం, అడుగున ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) కోయాక్స్‌కు, అంటే రేడియో నుంచి వచ్చే కేబుల్‌కు, దగ్గరగానే ఉంటుంది. 80లో అదే గొట్టం పొట్టిదైపోతుంది, వరుసలో ఒక కాయిల్ కావాలి. ఆ కాయిల్‌ను రిలేతో షార్ట్ చేస్తే 40, వదిలేస్తే 80. కరెంటు లేనప్పుడు కాంటాక్టు మూసుకుని ఉండేలా కలుపుకోండి. రిలేకు కరెంటు అందకపోయినా 40 మిగులుతుంది. రిలేకు వేరే తీగ కూడా అక్కర్లేదు. డీసీని, సిగ్నల్‌ను విడదీయడానికి రెండు కొసల్లో చోక్ (కాయిల్), కెపాసిటర్ పెడితే 12 వోల్టుల డీసీ కోయాక్స్‌లోనే వెళ్తుంది. డయోడ్లు జోడిస్తే ప్లస్, మైనస్, సున్నాలతో మూడు బ్యాండ్లు.

చిక్కంతా 20 మీటర్లతోనే. అక్కడ ఆ గొట్టం సగం తరంగం, అడుగున ఇంపెడెన్స్ వేల ఓమ్‌లు. 3000 అనుకున్నా 100 వాట్లకే దాదాపు 550 వోల్టులు, పీక్ చూస్తే 770 పైనే. చిన్న సిగ్నల్ రిలేలు ఇక్కడ పనికిరావు, కాంటాక్టుల మధ్య ఎడం బాగా ఉన్నవి కావాలి. ట్రాన్స్‌మిట్ చేస్తుండగా మార్చనూ కూడదు. ఓసారి మార్చాను. డబ్బా విప్పితే కాంటాక్టు కొస మాడి నల్లగా ఉంది, మూత లోపల వేలెడంత మసి.

రెండో దారి, యాంటెన్నా మొదట్లోనే ఆటో ట్యూనర్, అంటే ఇంపెడెన్స్‌ను రేడియోకు తగ్గట్టు తానే సర్దే పెట్టె. అందులోనూ ఉండేవి రిలేలే, కాకపోతే చాలా. కాస్త క్యారియర్ (మాటలేమీ లేని ఖాళీ సిగ్నల్) ఇస్తే టకటకా వెతుక్కుని మ్యాచ్ చేస్తుంది, గుర్తుపెట్టుకునే రకమైతే తర్వాతిసారి ఇట్టే దొరుకుతుంది. దీన్ని గదిలో రేడియో పక్కన పెడితే మాత్రం రేడియోకు 1:1 కనబడుతుంది గానీ, కోయాక్స్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ అలాగే ఉండి పవర్ తినేస్తుంది. ట్యూనర్ వాడేవాళ్లు ఏ బ్యాండ్‌లోనూ సరిగ్గా సగం తరంగం కాని పొడవు ఎంచుకోవడం మంచిది. 43 అడుగుల వర్టికల్‌కు (నిలువు యాంటెన్నాకు) పేరొచ్చింది అందుకే.

మోటారుతో జరిగే కాయిల్ కారుకు బాగుంటుంది. పొట్టి యాంటెన్నాకు బ్యాండ్‌విడ్త్ తక్కువ కాబట్టి ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. ఇంటి దగ్గర నాకంత ఓపిక లేదు. 80 నుంచి 20కి అది పాకేసరికి టీ చల్లారుతుంది. బయట తిరిగే కాంటాక్టులకు దుమ్ము, తుప్పు సరేసరి.

ఏది పెట్టినా మారనిదొకటుంది. 10 మీటర్ల బ్యాండ్‌లో ఆ గొట్టం పూర్తి తరంగం, సిగ్నల్ చాలావరకు ఆకాశానికే పోతుంది. మీటర్ 1:1 చూపిస్తూనే ఉంటుంది, జవాబులే రావు. ఆ బ్యాండ్‌కు రెండున్నర మీటర్ల తీగ పక్కనే విడిగా నిలబెట్టాను, స్విచ్ గొడవే లేదు.

రెండు మూడు బ్యాండ్లు చాలనుకునేవాళ్లకు రిలే, 100 వాట్లతో అన్నీ కావాలంటే ట్యూనర్. రిలే డబ్బా అడుగున నీరు కారే చిల్లికి సన్న జాలీ బిగించండి. ఉన్నట్టుండి 40 పనిచేయడం మానేస్తే నేను ముందు చూసేది కాంటాక్టుల మధ్య నలిగిన చీమ కోసమే.