చిన్న పడవకు ఆటోపైలట్: ఏడేళ్ల వాడకం తర్వాత

మాది ఏడు మీటర్ల తెరచాప పడవ. స్టీరింగ్ చక్రం లేదు, చుక్కానిని తిప్పడానికి దానికి బిగించిన టిల్లర్ కర్రే. ఏడేళ్లలో దానికి రెండు ఆటోపైలట్లు, అంటే ఆ కర్రను తోస్తూ పడవను ఒకే దిశలో నిలిపే యంత్రాలు, బిగించాను. మొదటిది నా లెక్క తప్పడం వల్ల కొన్నది.

పెట్టె మీద మూడు వేల కిలోల వరకు అని ఉంది. మా పడవ బరువు 2400. ధీమాగా కొనేశాను. ఆ 2400 ఖాళీ పడవ బరువని తర్వాత గాని తట్టలేదు. నీళ్లు, ఇంధనం, లంగరు, దాని గొలుసు, బ్యాటరీలు, నలుగురు మనుషులు ఎక్కేసరికి మూడు వేలకు చేరిపోయింది. నీరు నిలకడగా ఉన్న రోజున ముచ్చటగా నడిపేది. అలలు వెనక నుంచి ఏటవాలుగా వస్తే మాత్రం దాని పని అయిపోయేది. ఒక అల పడవ వెనక భాగాన్ని పక్కకు నెట్టేది, యంత్రం తేరుకుని కర్రను తోసేలోపే ఇంకో అల. వెనక్కి చూస్తే మా జాడ పాము పాకినట్టు ఉండేది. మూడో ఏడు లోపలి గేరు పళ్లు అరిగిపోయాయి.

రెండోదాన్ని నిండు బరువుకు మరో ఐదో వంతు కలిపి చూసి తీసుకున్నాను. దీనిలో దిక్సూచితో పాటు గైరో ఉంది. పడవ తిరగడం మొదలవుతుండగానే పసిగడుతుంది. వెనక అలల్లో తేడా మొదటి గంటలోనే తెలిసింది. డబ్బు పెట్టదలిస్తే దీనికే పెట్టండి. రంగుల తెరకు కాదు.

అయినా ఏ యంత్రమూ సర్దుబాటు లేని తెరచాపను మోయలేదు. కొనే ముందు గాలిలో కర్రను మీరే పట్టుకుని చూడండి. రెండు వేళ్లతో నిలపగలిగితే యంత్రమూ నిలపగలదు. రెండు చేతులూ కావాల్సి వస్తే ముందు తెరచాప తగ్గించండి. గాలి ముదిరిన ఒక రోజు మా 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇది రెండు ఆంపియర్లకు పైగా లాగుతోంది. తెరచాప ఒక మడత దించగానే ఒకటి లోపుకు వచ్చింది.

బిగించేటప్పుడు కొలతలతో రాజీ పడవద్దు. మా మోడల్‌కు చుక్కాని ఇరుసు నుంచి 460 మిల్లీమీటర్ల దూరంలో కర్ర మీద, యంత్రం తోపుడు కడ్డీ తగిలించే పిన్ను ఉండాలి. దగ్గరికి జరిపితే తోపుడు బలం చాలదు. దిక్సూచి యంత్రంలోనే ఉంది కాబట్టి ఇనుమును, అయస్కాంతాలను దూరంగా ఉంచాలి. ఒకసారి మిత్రుడు పాటల కోసం స్పీకరు తెచ్చి దాని పక్కనే పెట్టాడు. పాట మొదలవకముందే పడవ మెల్లగా ఎడమకు తిరగసాగింది. కారణం దొరికేదాకా నేను చుక్కానిని తిడుతూ కూర్చున్నాను.

లోపాలూ ఉన్నాయి. తోపుడు కడ్డీ దగ్గరి రబ్బరు సీలు గుండా తేమ దిగుతుంది, అందుకే తడవని గుడ్డతో తొడుగు కుట్టించాను. రాత్రి దాని మోటారు మూలుగుకు లోపల పడుకున్నవారికి నిద్ర పట్టదు.

ఇది దిశను పట్టుకుంటుంది తప్ప ఎదురుగా వచ్చే పడవను చూడదు. ఎవరైనా నీళ్లలో పడినా ఆగదు, అదే దారిన సాగిపోతుంది. ఒంటరిగా ఉంటే నడుముకు తాడు కట్టుకోకుండా దీన్ని ఆన్ చేయను. తోపుడు కడ్డీని పిన్ను నుంచి ఎత్తి కర్రను చేతిలోకి తీసుకోవడం కళ్లు మూసుకుని కూడా వచ్చేదాకా సాధన చేశాను. రేవు దగ్గర, చేపల వలలున్నచోట అసలు వాడను.