మత్తికెరె స్పైరల్ నోట్సు: ఆర్డర్డ్ గ్రూపులకు పనికొస్తుందా?

బెంగళూరులో ఐఐఎస్సీకి దగ్గర్లో, మత్తికెరె జిరాక్స్ షాపులో తెలుగు పిల్లల కోసం రాసిన ఆర్డర్డ్ గ్రూపుల నోట్సు దొరుకుతోంది. ఆర్డర్డ్ గ్రూపంటే మూలకాలకు చిన్నా పెద్దా వరుస ఉండి, ఎటువైపు నుంచి గుణించినా ఆ వరుస చెదరని గ్రూపు. చేతిరాత, స్పైరల్ బైండింగు, ఐదు చాప్టర్లు. మూడో చాప్టరు కోసమైనా కొనాలి. నాలుగోది మాత్రం పెన్సిలు చేతిలో పెట్టుకుని చదవాలి.

మొదటి రెండూ నిర్వచనాలు, 1901 నాటి హోల్డర్ సిద్ధాంతం (ఏ పాజిటివ్ మూలకం ఘాతాలైనా మిగతా అన్నిటినీ దాటే ఆర్డర్డ్ గ్రూపు వాస్తవ సంఖ్యల కూడికలో ఇమిడిపోతుందనేది). క్లైన్ బాటిల్ గ్రూపును ముందే చూపించడం బాగుంది. అక్కడ ఎ, బి అని రెండు జనకాలు, ఎ⁻¹·బి·ఎ = బి⁻¹ (1 అంటే తత్సమ మూలకం). బి > 1 అనుకుంటే దాని కాంజుగేటు ఎ⁻¹·బి·ఎ కూడా 1 కన్నా పెద్దదవ్వాలి, కానీ బి⁻¹ చిన్నది. టార్షన్ (ఏదో ఘాతానికి 1 అయిపోయే, 1 కాని మూలకం) లేనంత మాత్రాన రెండువైపులా నిలిచే ఆర్డర్ రాదని ఇట్టే తేలిపోతుంది.

మూడో చాప్టరే ఈ నోట్సుకు ప్రాణం. హైసెన్‌బర్గ్ గ్రూపు మూలకాన్ని మూడు పూర్ణాంకాలుగా రాస్తారు. గుణించేటప్పుడు అంకెలు కూడతాయి, మూడోదానికి మాత్రం ఎడమవైపు మొదటి అంకె, కుడివైపు రెండో అంకెల లబ్ధం అదనంగా చేరుతుంది. పోల్చేటప్పుడు మొదటి అంకె, తర్వాత రెండోది, సెంటర్ (అన్ని మూలకాలతోనూ కమ్యూట్ అయ్యే భాగం) అయిన మూడోది ఆఖరున. ఈ వరుస తిరగేస్తే ఏమవుతుందో చేసి చూపించారు: మూడో అంకెనే ముందు చూస్తే (0, 1, −1) నెగటివ్. దాన్ని ఎడమవైపు (2, 0, 0)తో, కుడివైపు దాని విలోమంతో గుణించి కాంజుగేట్ చేస్తే (0, 1, 1), పాజిటివ్! ఆర్డర్ అక్కడే కూలిపోయింది. ఇంత తేటగా చెప్పిన నోట్సు అరుదు.

అక్కడినుంచి అసలు విషయానికి వస్తారు. [ఎ, బి] అంటే కమ్యుటేటర్ ఎ⁻¹·బి⁻¹·ఎ·బి. కమ్యుటేటర్ల మీద కమ్యుటేటర్లు తీస్తూ పోతే కొన్ని మెట్లలోనే అన్నీ 1 అయిపోయే గ్రూపు నిల్‌పొటెంట్, ఆ మెట్ల లెక్కే దాని క్లాసు. నిల్‌పొటెంట్ ఆర్డర్డ్ గ్రూపులో ఎ > 1 అయితే, [ఎ, బి]ని ఏ ఘాతానికి పెంచినా ఎ ని అందుకోలేదు. బి⁻¹·ఎ·బి = ఎ·[ఎ, బి] కాబట్టి అది ఎ² దాటదు.

నాలుగో చాప్టరులో రెండు లోపాలు. కమ్యుటేటర్ నిర్వచనం చెప్పాపెట్టకుండా ఎ·బి·ఎ⁻¹·బి⁻¹గా మారిపోయింది, పై సమీకరణం మాత్రం అలాగే ఉంది. దాన్ని బి·ఎ·బి⁻¹ = [బి, ఎ]·ఎ అని దిద్దుకోండి. రెండోది పెద్ద తప్పు: [ఎ, బి] ఘాతాలు ఎ ని అందుకోవన్న అసమానత ఉంటే చాలు, గ్రూపు నిల్‌పొటెంట్ అని రాశారు. కాదు. రెండు జనకాల ఫ్రీ గ్రూపుకు (జనకాల మధ్య ఏ సమీకరణమూ లేనిది) లోయర్ సెంట్రల్ సిరీస్ (గ్రూపుతో పదేపదే కమ్యుటేటర్లు తీస్తే వచ్చే ఉపగ్రూపుల వరుస) మీదుగా ఆర్డర్ ఇస్తే అసమానత నిలుస్తుంది, గ్రూపు మాత్రం నిల్‌పొటెంట్ కాదు.

నిజంగా పనిచేసే షరతు ఎంగెల్‌ది: ఏ ఎ, బి తీసుకున్నా, ఎకి బితో వరుసగా ఎన్ సార్లు కమ్యుటేటర్ తీస్తే 1 రావాలి, ఆ ఎన్ గ్రూపంతటికీ ఒక్కటే కావాలి. అలాంటి ఆర్డర్డ్ గ్రూపు నిల్‌పొటెంట్ అని 1990లలో గణితజ్ఞులు కిమ్, రెమ్‌తుల్లా నిరూపించారు. ఐదో చాప్టరు దీన్ని అర పేజీలో ముగించింది, 'ఒక్కటే' అన్న మాటే వదిలేసింది. క్లాసు పెరుగుతూ పోయే టార్షన్ లేని నిల్‌పొటెంట్ గ్రూపుల డైరెక్ట్ సమ్ తీసుకుంటే ఆ మాట ఎందుకు కావాలో తెలుస్తుంది: అక్కడ ప్రతి జంటకూ ఏదో ఒక ఎన్ దొరుకుతుంది, అన్నిటికీ ఒక్కటే దొరకదు, గ్రూపూ నిల్‌పొటెంట్ కాదు.

కొనేముందు నాలుగో చాప్టరు తిప్పి చూడండి. పాత కాపీల్లో ఘాతం మీది మైనస్ గీత చెరిగి ఎ⁻¹ కాస్తా ఎ¹లా కనిపిస్తోంది. మాస్టర్ కాపీ నుంచే తీసిమ్మని అడగండి.