గార్గమెల్ వెంట వచ్చే షూబర్ట్: ‘ది స్మర్ఫ్స్’ కార్టూన్ సమీక్ష

హన్నా-బార్బెరా సంస్థ నిర్మించగా 1981లో అమెరికాలోని ఎన్‌బీసీ ఛానెల్‌లో మొదలైన ‘ది స్మర్ఫ్స్’ ధారావాహికను మహబూబ్‌నగర్‌లో మా ఇంటి పిల్లలతో కలిసి చూస్తున్నప్పుడు, నీలిరంగు మరుగుజ్జుల అల్లరి కన్నా నేపథ్యంలోని పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది.

మాంత్రికుడు గార్గమెల్ వస్తున్నాడంటే, ఆస్ట్రియా స్వరకర్త ఫ్రాంజ్ షూబర్ట్ 1822లో మొదలుపెట్టి అసంపూర్తిగా విడిచిన సింఫనీ (వాద్యబృందం కోసం రాసిన పెద్ద రచన)లోని ప్రధాన వరుస వినిపిస్తుంది. మూలరచనలో చెల్లోలు, డబుల్ బాస్‌లు అనే పెద్ద తంత్రీవాద్యాలు మంద్రస్థాయిలో ఆరంభించాక, వయొలిన్ల సన్నని కదలిక మీద ఓబో, క్లారినెట్ అనే ఊదే వాద్యాలు కలిసి ఆ వరుసను పలికిస్తాయి. పాలమూరు పల్లెల్లో యక్షగానం చూసిన వారికి ఈ పద్ధతి కొత్త కాదు. అక్కడా ప్రవేశ దరువే పాత్ర స్వభావాన్ని ముందుగా తెలియజేస్తుంది. మా చిన్న పాప అయితే ఆ స్వరం వినగానే, మాంత్రికుడు కనిపించకముందే దిండు వెనక్కి జరుగుతుంది.

నాకు నచ్చనిదల్లా ఇంత గొప్ప సంగీతాన్ని ముక్కలుగా కోసి సంభాషణల కింద అణచివేయడమే. అందువల్ల తల్లిదండ్రులు ఆ సింఫనీని పిల్లలకు విడిగా వినిపించాలని కోరుతున్నాను. షూబర్ట్ పూర్తి చేసిన భాగాలు రెండే కాబట్టి సుమారు అరగంటలో ముగుస్తుంది.