తైద, జొన్న, బార్లీ మాల్టులు: 50 డిగ్రీల దగ్గర ఆపాలా, వద్దా?

ముందే చెప్పేస్తాను. మాల్టు అంటే మొలకెత్తించి ఆరబెట్టిన గింజ. కొన్న బార్లీ మాల్టుకు ప్రోటీన్ రెస్ట్, అంటే వేడినీళ్ళలో కలిపాక 50 డిగ్రీల దగ్గర కాసేపు ఆపడం, దండగ. ఇంట్లో మొలకెత్తించిన తైదలకైతే (రాగులకు) 50 డిగ్రీల దగ్గర కాసేపు ఆపడం బాగా పనికొస్తుంది. అయితే బీరు కాచేవాళ్ళు చెప్పే కారణం వేరు, మనకు దొరికే లాభం వేరు. నల్లగొండలో మా ఇంట్లో కొన్నేళ్ళుగా ఈ మూడు మాల్టులూ వాడుతున్నాం కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

నేను చేసేది బీరు కాదు. మన దగ్గర లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాస్తే 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద కేసు పెడతారు. ఈస్ట్ వేసేముందు వరకు వాళ్ళు చేసే పనే నేనూ చేస్తాను: మాల్టును వేడినీళ్ళలో ఉంచి, గింజలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి, వడగట్టి, తాగడం. బెల్లం వెయ్యకుండానే తియ్యగా ఉండే జావ వస్తుంది. పద్ధతి నేర్పింది అమెరికాలో ఉండే మా బామ్మర్ది. అక్కడ ఇంట్లో బీరు కాచుకోవడానికి 1978లోనే చట్టం ఒప్పుకుంది.

గింజలో పిండి రేణువులు ప్రోటీన్ల మధ్య, కణాల గోడల మధ్య బిగుసుకుని ఉంటాయి. మొలకెత్తేటప్పుడు ఎంజైములు ఆ గోడలను, కొంత ప్రోటీన్‌ను కరిగిస్తాయి. ఆ కరగడం ఎంతవరకు జరిగిందన్నదే మాడిఫికేషన్. వెనకట యూరప్‌లో ఇది సగంలో ఆగిన మాల్టు ఎక్కువగా వచ్చేది. మిగిలిన పని గిన్నెలో పూర్తి చేయడానికి 45 నుంచి 55 డిగ్రీల మధ్య కాసేపు నిలిపేవాళ్ళు. ఇప్పుడు ఆ పనంతా ఫ్యాక్టరీలోనే అయిపోతోంది. మాల్టు బస్తాతో ఇచ్చే రిపోర్టులో కోల్‌బాక్ అంకె 38, 40 అలా కనిపిస్తే, మొత్తం ప్రోటీన్‌లో అంత శాతం ఇప్పటికే కరిగే రూపంలోకి వచ్చిందని అర్థం.

రిపోర్టు లేకపోతే బ్లేడుతో గింజను నిలువుగా చీల్చి చూడండి. పొట్టు కింద, వీపు వైపు మొలక పాకి ఉంటుంది. అది గింజ పొడవులో ముప్పావు వంతు దాటితే మంచి మాల్టు. అంతకంటే సులువు, కొరికి చూడటం. బాగా మారిన గింజ ఈ చివరి నుంచి ఆ చివరి వరకు సుద్దపొడిలా రాలిపోతుంది. సరిగా మారని గింజ కొస దగ్గర పంటికి టక్కుమని తగులుతుంది.

బార్లీకి మొదట్లో నేను 52 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆపి, తర్వాత పిండి చక్కెరగా మారే 65కి తీసుకెళ్ళేవాణ్ణి. ఆపకుండా కాచిన దానితో పక్కపక్కన పెట్టి తాగితే తేడా తెలిసిపోయింది. ఆపినది నోట్లో పలచగా, నీళ్ళ నీళ్ళగా ఉంది, కవ్వంతో చిలికినా నురగ నిలవలేదు. మంచి మాల్టులో ప్రోటీన్‌ను ఇంకా విరగ్గొడితే నురగను, చిక్కదనాన్ని ఇచ్చే ముక్కలే పోతాయి. ఫోన్‌లో మా బామ్మర్ది, "అది ఇప్పుడు ఎవ్వరు చేస్తలేరు బావా, టైమ్ వేస్ట్" అన్నాడు. బార్లీ వరకు నాదీ అదే మాట.

తైదల సంగతి వేరు. రాత్రి నానబోసి, పొద్దున బట్టలో మూట కడితే మామూలు రోజుల్లో రెండు రోజులకు తెల్లగా మొలకలు వస్తాయి. రోహిణి కార్తెలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, మూట లోపల వేడెక్కి పుల్లటి వాసన, ఆపైన బూజు. మొలకలు వచ్చాక నీడలో ఆరబెట్టి, మర పట్టించాలి. అందరూ చేసినట్టు పెనం మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయిస్తే రుచి బాగుంటుంది కానీ ఎంజైములు చచ్చిపోతాయి. బజార్లో నేను కొన్న రాగి మాల్టు ప్యాకెట్లలో ఒక్కటీ గటకను (గట్టిగా వండిన జావను) పలచన చెయ్యలేదు.

ఆ పరీక్ష ఇది. గట్టిగా వండిన జొన్న గటక 65 డిగ్రీలకు దిగాక, వేయించని తైద మాల్టు పొడి రెండు చెంచాలు వేసి కలపండి. మొదట ఏమీ కాదు. కాసేపటికి గరిటెకు పట్టుకున్న ముద్ద జారడం మొదలవుతుంది, ఇంకాసేపటికి ధారగా పడుతుంది. మొదటిసారి చూసి మా అమ్మ, "ఏం కలిపినవ్‌రా గిండ్ల, గటకంత నీళ్ళోలె అయింది" అని గిన్నె పక్కకు పెట్టేసింది.

ఇక జొన్న. బార్లీ పిండిపదార్థం దాదాపు 60, 65 డిగ్రీలకే ఉబ్బి మెత్తబడుతుంది, ఆ వేడిలో ఎంజైములు ఇంకా బతికే ఉంటాయి. జొన్నకు 70 దాటాలి. గిన్నె మొత్తాన్ని అంత వేడి చేసి మెత్తబడేదాకా ఉడికిస్తే ఎంజైములు పోతాయి, చెయ్యకపోతే పిండి ఉడకదు. ఇక్కడే 50 డిగ్రీలు అక్కరకొస్తుంది. అరకిలో జొన్న మాల్టు పిండిని 2 లీటర్ల 50 డిగ్రీల నీళ్ళలో కలిపి అరగంట వదిలేస్తే ఎంజైములు నీళ్ళలోకి దిగుతాయి. పైన తేరిన తేటను ఒక లీటరు మెల్లగా వంచి పక్కన పెట్టాలి. అడుగున మిగిలిన ముద్దలో ఇంకో లీటరు నీళ్ళు పోసి, అడుగంటకుండా కలుపుతూ 20 నిమిషాలు ఉడికించాలి. అది 75కి దిగాక, 45 దగ్గర ఉన్న తేటను పోస్తే మొత్తం 65 దగ్గర నిలుస్తుంది. హాట్‌ప్యాక్‌లో పోసి మూత పెడితే గంటసేపు వేడి పెద్దగా పోదు. తర్వాత తెల్ల సాసర్‌లో ఒక బొట్టు జావ, ఒక బొట్టు టింక్చర్ అయోడిన్. నల్లనీలం వస్తే పిండి ఇంకా మిగిలినట్టు, కాసేపు ఆగాలి. ఆ సాసర్‌లోది మాత్రం పారబోయండి.

ఇంత బాగా వచ్చినా జొన్నలను మొలకెత్తించడం మానేశాను. లేత జొన్న పైరు మేసి పశువులు చనిపోవడం ఊళ్ళలో అందరికీ తెలిసిందే. అదే సైనైడ్ విషం మొలకల్లోనూ తయారవుతుంది. ఎండాక మొలకలను, వేళ్ళను నలిపి, చేటతో చెరిగి పూర్తిగా తీసెయ్యాలి. పిల్లలు తాగేదానికి ఆ టెన్షన్ ఎందుకు? ఇప్పుడు మా ఇంట్లో మామూలు జొన్నపిండితో గటక వండి, తైద మాల్టును అలాగే 50 డిగ్రీల నీళ్ళలో ఉంచి తీసిన తేట పోస్తున్నాం. మూడింటిలో నా ఓటు దీనికే. బార్లీ అంత తియ్యగా రాదు, కానీ కమ్మగా ఉంటుంది.

నీళ్ళ గురించి ఒక మాట. ఎంజైములకు పీహెచ్ 5.2, 5.6 మధ్య నచ్చుతుంది. మా వైపు బోరు నీళ్ళలో క్షారం ఎక్కువ, మాల్టు మందకొడిగా పనిచేస్తుంది, బార్లీ పొట్టు వగరు దిగుతుంది. పైగా ఫ్లోరైడ్, మరగబెడితే పోయేది కాదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడేది. మేం మిషన్ భగీరథ నల్లా నీళ్ళే వాడి, కొన్ని చుక్కల నిమ్మరసం పిండుతాం. ఇండక్షన్ స్టవ్ మీద కనిపించే డిగ్రీలను నమ్మొద్దు, కడ్డీ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి.

షుగర్ ఉన్నవాళ్ళకు ఇది ఇవ్వకండి. బెల్లం వెయ్యలేదన్న మాటే గానీ, పిండి చాలావరకు ముందే చక్కెర అయిపోయి ఉంటుంది. మా నాయనకు మాల్టు కలపకముందే గిన్నెలోంచి గటక తీసి పక్కన పెడతాం.