లూయీవిల్‌లో ముహమ్మద్ అలీ జాడలు

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఉన్న లూయీవిల్, బాక్సర్ ముహమ్మద్ అలీ పెరిగిన ఊరు. అక్కడ విమానం దిగగానే అలీ పేరు కనిపిస్తుంది. 2019లో విమానాశ్రయానికే ఆయన పేరు పెట్టారు. నగరం మధ్యలో ఒక పెద్ద వీధికైతే 1978లోనే పెట్టారు.

అందరూ ముందుగా వెళ్లేది ఒహైయో నది దగ్గర 2005లో తెరిచిన ముహమ్మద్ అలీ సెంటర్‌కు. లిస్టన్, ఫోర్‌మన్, ఫ్రేజియర్‌లతో పోరాటాల కోసమే వెళ్లేవారికి కొంత వెలితి అనిపించవచ్చు. అక్కడ విలువల బోధ పాలు కాస్త ఎక్కువే. కానీ వియత్నాం యుద్ధానికి వెళ్లనన్న ఘట్టం దగ్గర టికెట్ డబ్బు మొత్తం గిట్టుబాటవుతుంది. 1967లో సైన్యంలో చేరనన్నందుకు ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ పోయింది, బాక్సింగ్ లైసెన్సూ పోయింది. మంచి వయసులో మూడేళ్లకు పైగా బరికి దూరమయ్యాడు. 1971లో సుప్రీంకోర్టు 8-0తో శిక్షను కొట్టివేసింది. కోర్టు తీర్పులిస్తుంది సరే, పోయిన కాళ్ల వేగాన్ని ఎవరిస్తారు?

అక్కడినుంచి స్పాల్డింగ్ విశ్వవిద్యాలయానికి వెళ్లండి. ఖర్చేమీ ఉండదు. 1954లో పన్నెండేళ్ల కేషియస్ క్లే (అప్పట్లో అలీ పేరు అదే) సైకిలు పోయిందని ఏడుస్తూ, దొంగ దొరికితే కొడతానంటూ పోలీసు దగ్గరికి వచ్చింది ఈ భవనానికే. ఆ పోలీసు జో మార్టిన్ కింది అంతస్తులో పిల్లలకు బాక్సింగ్ నేర్పేవాడు. ముందు కొట్టడం నేర్చుకోమన్నాడు. ఆరేళ్లకు రోమ్ ఒలింపిక్స్‌లో ఆ పిల్లవాడికి బంగారు పతకం వచ్చింది. ఇప్పుడు గుమ్మం పైన ఎర్ర సైకిలు వేలాడుతోంది.

పడమటివైపు గ్రాండ్ అవెన్యూలో అలీ పెరిగిన గులాబీ రంగు ఇంటిని మేము బయటినుంచే చూశాం. చిన్న ఇల్లు, సాదా వీధి. పక్క ఇళ్లలో జనం ఉంటారు కాబట్టి ఫొటోల హడావిడి తగ్గించుకోవాలి. సమాధి కేవ్ హిల్ శ్మశానవాటికలో ఉంది, ప్రవేశం ఉచితం. చాలా విశాలమైన చోటు, కారు ఉంటేనే నయం. కేఎఫ్‌సీ స్థాపకుడు కల్నల్ శాండర్స్ సమాధి కూడా ఇక్కడే ఉండటంతో కొందరు రెండూ చూసి వెళుతున్నారు.

బస నగరం మధ్యలో పెట్టుకుంటే సెంటర్‌కు నడిచే వెళ్లవచ్చు. మేము దిగిన హోటల్ శుభ్రంగానే ఉంది, కానీ కారు నిలిపినందుకు విడిగా వేసిన రుసుము సంగతి బిల్లు చేతికొచ్చాకే తెలిసింది. బుక్ చేసేటప్పుడే అడగండి. మే మొదటి శనివారం కెంటకీ డెర్బీ గుర్రప్పందెం ఉంటుంది. ఆ వారం గదుల ధరలు మండిపోతాయి, అలీ కోసమే వెళ్లేవారు అప్పుడు వెళ్లకపోవడమే మేలు.