బస్తీ యువజన కేంద్రానికి నక్షా గీయించుకున్నాము: ఒక డిజైన్ సంస్థ సేవపై సమీక్ష

నల్లగొండ పట్టణ శివారులోని మా బస్తీకి యువజన, సామాజిక కేంద్రం ఒకటి కావాలని ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చి, చివరకు 600 గజాల స్థలం చేతికి రావడంతో, దానికి ప్రణాళిక, నక్షాలు, ఖర్చు అంచనా తయారు చేయడానికి బయటి ఊరి డిజైన్ సంస్థ ఒకదానిని కుదుర్చుకున్నాము. లోపాలను కూడా దాచకుండా రాస్తున్నాను కనుక సంస్థ పేరు చెప్పడం లేదు. ఫీజు 85 వేల రూపాయలు, మూడు వాయిదాలు. మహిళా సంఘాల వాళ్లు, బస్తీలో పుట్టి ఉద్యోగాల్లో స్థిరపడిన పిల్లలు తలా కొంత వేసుకున్న డబ్బు అది. అందుకే ఒక్కొక్క గీతకూ లెక్క అడిగాము.

మొదటి సమావేశం మంగళవారం పగలు పదకొండు గంటలకు పెట్టారు. మా దగ్గర ఎక్కువ మంది మర్రిగూడ, నాంపల్లి, దేవరకొండ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కూలీలు. పొద్దున ఆరు కాకముందే సద్ది కట్టుకుని అడ్డా మీదికి వెళ్తారు, దీపాలు పెట్టే వేళకు గానీ తిరిగి రారు. ఆ సమావేశానికి వచ్చింది ఎనిమిది మంది, అందులో ఐదుగురం కమిటీ వాళ్లమే. సంస్థ నివేదికలో మాత్రం ‘స్థానికుల స్పందన తక్కువ’ అని రాశారు. ఆ వాక్యాన్ని కొట్టివేయించడానికి మాకు రెండు వారాలు పట్టింది.

అయితే, తప్పు ఒప్పుకున్నాక వాళ్లు చేసిన పని మెచ్చుకోవలసినది. ఒక రోజు తెల్లవారుజామునే అడ్డా దగ్గరికి వచ్చి టీ బండి పక్కన నిలబడి మాట్లాడారు. రెండు సాయంత్రాలు ఎనిమిది దాటాక బస్తీలో కూర్చున్నారు. కాగితం మీది నక్షా చాలామందికి అర్థం కావడం లేదని గమనించి, ఒక ఆదివారం ఆ సంస్థ అమ్మాయి ఒకరు స్థలంలోనే భవనం మొత్తాన్ని అసలు కొలతలతో ముగ్గు పోసి చూపించారు. పునాది తవ్వే ముందు ముగ్గు పోయడం మనకు కొత్త కాదు గానీ, నక్షా ఖాయం కాకముందే పోసి, అందరినీ గది గదికీ నడిపించడం నేను చూడలేదు. నడుస్తూ నడుస్తూ ఆడవాళ్లు వెనక మూల దగ్గర ఆగిపోయారు. మరుగుదొడ్లు అక్కడ, భవనం నీడలో, దారి నుంచి కనిపించకుండా ఉన్నాయి. “రాత్రి ఎనిమిదింటికి మా పిల్ల గీడికి ఒక్కతే ఎట్ల వస్తది సారూ?” అని ఒకామె అడిగిన మాటకు ఆ ఇంజనీరు అమ్మాయి అక్కడికక్కడే చెప్పుతో ముగ్గు చెరిపి, తలుపును దారి వైపు తిప్పి మళ్లీ పోశారు. ఈ ఒక్క పూట పనికే ఫీజులో సగం ఇచ్చినా తప్పు లేదనిపించింది.

ఇక నీళ్ల సంగతి. మొదటి నివేదికలో ‘తాగునీరు: బోరుబావి’ అని ఉంది. ఆ పేజీని నల్లగొండ మనిషి ఎవరైనా అక్కడితో పక్కన పెట్టేస్తారు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణాలు చెబుతుండగా, మా జిల్లాలో ఎన్నో ఊళ్ల భూగర్భజలం ఆ హద్దును ఎప్పుడో దాటింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి ప్రపంచమంతటా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు వచ్చిందంటే అది మాకు దక్కిన గౌరవం కాదు, పడిన బాధ. 2015లో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే వాటర్ గ్రిడ్ పథకం పైలాన్‌ను చౌటుప్పల్‌లోనే ఎందుకు నిలిపారో ఇక్కడ చిన్నపిల్లలూ చెప్పగలరు. ఫ్లోరైడ్ వల్ల నడుము వంగిపోయిన ఒక పెద్దాయన ఆ పేజీ చదివించుకుని, “మళ్ల గా బోరునీళ్లే తాగమంటరా?” అన్నప్పుడు సంస్థ వాళ్లు తల దించుకున్నారు. సవరించిన నక్షాలో తాగడానికి కృష్ణా నీళ్ల కనెక్షన్, దానికి వేరే ట్యాంకు పెట్టారు. బోరు నీళ్లు మరుగుదొడ్లకూ మొక్కలకూ మాత్రమే. రెండు పైపులకు రెండు రంగులు వేయాలని కూడా రాశారు.

ఆ పెద్దాయన మాట నుంచే ర్యాంపు చర్చ మొదలైంది. వానకు దారి మీద నీళ్లు నిలుస్తాయని పునాది రెండున్నర అడుగుల ఎత్తు పెట్టారు, అది సరైనదే. కానీ ర్యాంపు 12 అడుగులే గీశారు. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలన్నది నియమం; అంటే మాకు 30 అడుగులు కావాలి. కీళ్లు బిగుసుకుపోయిన మనుషులు ఇంతమంది ఉన్న చోట ఇది అలంకారం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక ప్రజాభవనానికి ఇది తప్పనిసరి అని వాళ్లకు తెలియకపోదు. స్థలం కలిసివస్తుందని తగ్గించారనే నా అనుమానం. ఇప్పుడు ర్యాంపు మధ్యలో ఒక మలుపుతో, రెండు వైపులా పట్టుకునే కడ్డీలతో సరిగ్గా వచ్చింది.

యువకుల విషయంలో సంస్థ ముందుగా ఊహించుకున్నది ఒకటి, వాళ్లు అడిగింది మరొకటి. నక్షాలో బాస్కెట్‌బాల్ కోర్టు ఉంది. మా పిల్లల్లో సగం మంది కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధమవుతున్నవాళ్లే. 2022 నోటిఫికేషన్ నాటి లెక్క ప్రకారం అబ్బాయిలు 1600 మీటర్లు, అమ్మాయిలు 800 మీటర్లు పరుగెత్తాలి, ఆపైన లాంగ్ జంప్, షాట్‌పుట్. పరుగుకు ఎలాగూ తెల్లవారకముందే గ్రౌండ్‌కు వెళ్తారు. దూకడానికి ఇసుక గుంత మాత్రం దగ్గరలో లేదు. మా స్థలం 45 అడుగుల వెడల్పు, 120 అడుగుల పొడవు ఉండడం ఇక్కడ కలిసివచ్చింది. ప్రహరీ వెంట పరుగుబాట, చివర ఇసుక గుంత వేసి కోర్టును తీసేశారు. ఖర్చు కూడా తగ్గింది.

చదువుకునే గది పైఅంతస్తులో, బయటి నుంచి వేరే మెట్లతో ఉంది. నా దృష్టిలో మొత్తం నక్షాలో ఇదే తెలివైన నిర్ణయం. కింద హాల్లో పెళ్లిచూపులో, పదో రోజు భోజనాలో జరుగుతుంటే పైన చదువు ఆగకూడదు. పొద్దున ఐదింటికి చదువుకునేవాళ్లు వస్తే హాలు తెరవవలసిన పని ఉండకూడదు. 1922లోనే ‘నీలగిరి పత్రిక’ వెలువడిన ఊరిలో ఇన్నేళ్లకు మా బస్తీకి ఒక పత్రికల బల్ల వస్తున్నదని కమిటీలో ఒకరు నవ్వుతూ అన్నారు. కిటికీలు ఉత్తర దక్షిణాలకు పెట్టారు, పైకప్పు మీద తెల్లటి పూత వేయాలని రాశారు. మే నెలలో రేకుల ఇళ్లలో పడుకునేవాళ్లకు దాని విలువ చెప్పనక్కరలేదు.

వంట దగ్గర మాత్రం వాళ్లకు మన సంగతి పట్టుబడలేదు. ఎనిమిదికి ఆరడుగుల ప్యాంట్రీ ఇచ్చారు. అందులో టీ కాచుకోవచ్చు. రెండు వందల మందికి అన్నం డేగిశా ఎక్కించలేము. వెనక వైపు రేకుల షెడ్డు, నీళ్ల కొళాయి, మురుగు కాలువ అడిగాము. మూడుసార్లు చెప్పాక గానీ గీయలేదు.

అసలు పెద్ద లోటు అంచనాలో ఉంది. నిర్మాణ ఖర్చును ఇటుక దగ్గర నుంచి తాండూరు బండల దాకా విడివిడిగా రాశారు, ఎంపీ నిధుల్లో 15 శాతం ఎస్సీ బస్తీలకు, 7.5 శాతం ఎస్టీ ఆవాసాలకు సిఫారసు చేయాలన్న నిబంధనను చూపి దరఖాస్తు కూడా రాసి ఇచ్చారు. అది నిజంగా ఉపయోగపడింది. కానీ కట్టిన తరువాతి సంగతి ఒక్క పుటలో కూడా లేదు. కరెంటు బిల్లు ఎవరు కడతారు, ఊడ్చేది ఎవరు, ఫ్యాను చెడిపోతే డబ్బు ఎక్కడిది? మా చుట్టుపక్కల కమ్యూనిటీ హాళ్లు గోడలు పడిపోయి పాడు కాలేదు, తాళం ఒక్కరి ఇంట్లో ఉండిపోయి పాడయ్యాయి. చివరి సమావేశంలో మహిళా సంఘం అధ్యక్షురాలు, “అంత మంచిగనే ఉంది గని, తాళం ఎవల కాడ ఉంటది?” అని అడిగితే, అది తమ పని పరిధిలోకి రాదని సంస్థ ప్రతినిధి అన్నారు. ఒప్పందం తీసి చూస్తే అది నిజమే. ఆ తప్పు మాది.

కాబట్టి వీళ్లను కాకపోయినా ఇటువంటి సంస్థను పెట్టుకోదలచినవాళ్లు, సమావేశాల వేళలను, ముగ్గు పోసి చూపించడాన్ని, మొదటి మూడేళ్ల నిర్వహణ లెక్కను ఒప్పందంలోనే రాయించుకోవాలి. నక్షా పనితనానికి, వినే ఓపికకు ఐదులో నాలుగు ఇస్తాను. మొదటి నివేదికకు రెండు. మూడో వాయిదాను నిర్వహణ పుట చేర్చేవరకు ఆపాము. అదనపు ఫీజు అడగకుండానే మొన్న పంపారు: హాలు అద్దె నుంచి కరెంటు బిల్లు, మూడు తాళంచెవులు మూడు చేతుల్లో, అందులో ఒకటి చదువుకునే పిల్లల దగ్గర. డబ్బు మరునాడే చెల్లించాము.