మా ఆఫీసు కంప్లైంట్ కమిటీకి 5కి 2 స్టార్లు

వైజాగ్‌లో మధురవాడ వైపు ఒక మెడికల్ బిల్లింగ్ ఆఫీసు, పేరు రాయను, ఎంక్వైరీ సంగతులు పేర్లతో బయటపెట్టకూడదని చట్టమే అంటుంది. జీతం, క్యాంటీన్ గురించి వేరేవాళ్లు ఆల్రెడీ రాసేశారు (పప్పు నీళ్లే, నిజం). నేను రాసేది ఇంటర్నల్ కమిటీ గురించే, అంటే ఆఫీసులో లైంగిక వేధింపుల కంప్లైంట్లు వినే కమిటీ, ఎందుకంటే మా బ్యాచ్‌లో దాన్ని వాడినదాన్ని నేనొక్కదాన్నే.

మేనేజర్ సంగతి క్లుప్తంగా. రాత్రి ఒంటిగంటకి "పడుకున్నావా" అని మెసేజీలు, తర్వాత రోస్టర్ మార్చేసి నా క్యాబ్ డ్రాప్ తీసేయించి "ఎండాడ దాకా నేను దింపేస్తాలే" అనడం, కుర్చీ వెనకాల నిలబడి స్క్రీన్ చూస్తున్నట్టు భుజం మీద చెయ్యేయడం. ఓ రోజు అందరి ముందూ చెయ్యి తీయండి సార్ అన్నాను. ఆ నెల నా క్వాలిటీ స్కోరు 98 నుంచి 81కి పడింది.

సరే కంప్లైంట్ ఇద్దామని పోస్టర్ వెతికితే ప్యాంట్రీలో వాటర్ క్యాన్ వెనకాల ఉంది. వంగి చదివా. అందులో ఛైర్‌పర్సన్‌గా పేరున్న మేడం రెండేళ్ల క్రితమే రిజైన్ చేసి వెళ్లిపోయిందట, ఆ నంబరుకి కొడితే వాడుకలో లేదని వచ్చింది, మెయిల్ పెడితే తిరిగొచ్చేసింది. హెచ్ఆర్ దగ్గరికెళ్తే "చూడమ్మా, ఆయనకీ పిల్లలున్నారు, కూర్చోబెట్టి మాట్లాడేద్దాం" అన్నారు. రాజీ అనేది ఆడమనిషి తనే అడిగితేనే, అదీ డబ్బులు లేకుండానే అని అప్పటికి నాకు తెలీదు. చూద్దాం చూద్దాం అంటూనే ఆరు వారాలు తినేశారు. ఇక్కడే జాగ్రత్త, ఆఖరిసారి జరిగిన రోజు నుంచి 3 నెలల్లోపు కాయితం మీద ఇవ్వాలి, సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు ఇవ్వొచ్చు అంతే.

మా హాస్టల్‌లో లా చదివే అక్క ఒకావిడ ఉంది, ఆవిడ చెబితే మెయిల్‌లో ఒక్క లైను కలిపా, పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆపైన పనిచేసే చోట కమిటీ లేకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా అని. మర్నాడు సాయంత్రానికల్లా కమిటీ పుట్టుకొచ్చింది! అన్నట్టు ఈ చట్టానికి దారి వేసిన 1997 నాటి విశాఖ తీర్పు అంటే మన వైజాగ్ కేసేమో అనుకునేదాన్ని ఇన్నాళ్లూ, కాదంట, రాజస్థాన్‌లో భన్వరీ దేవి అత్యాచార కేసు తర్వాత సుప్రీంకోర్టుకెళ్లిన సంస్థల్లో ఒకదాని పేరు విశాఖ.

ఇక ఆ రెండు స్టార్లూ బయటి నుంచి వచ్చిన మెంబర్ మేడంవి. రిటైర్డ్ లెక్చరర్, ఆటోలో వచ్చింది, సంచిలో చట్టం జిరాక్స్. లోపలి మెంబర్ ఒకాయన "సాక్షులెవరమ్మా" అని మూడోసారి అడుగుతుంటే ఆవిడ కళ్లజోడు తీసి "రోస్టర్ ఎవరు మార్చారో సిస్టమ్‌లో ఉంటుంది కదండీ, తెప్పించండి" అంది. అంతే, కేసు అక్కడే తిరిగింది. నన్ను కొమ్మాది బ్రాంచికి మార్చేస్తామని హెచ్ఆర్ అంటే, ఎంక్వైరీ అయ్యేదాకా ఆయన్నే మార్చమని అడగొచ్చమ్మా, రాసివ్వు అని కాయితం కూడా ఆవిడే ఇచ్చింది.

90 రోజుల్లో అవ్వాలి, 87కి అయ్యింది. కంప్లైంట్ నిజమేనని రిపోర్టు. మేనేజర్ ఇంక్రిమెంట్ ఆపారు, ఆయన్ని వేరే ప్రాసెస్‌కి మార్చారు, నా స్కోరు సరిచేశారు. మూడు నెలలకి ఆయనే మానేశాడు, కేక్ కట్ చేయించి మరీ పంపారు, నా డెస్కుకీ ఒక ముక్క వచ్చింది పేపర్ ప్లేట్లో. మిగతా మూడు స్టార్లు ఆ ప్లేట్లోనే పోయాయి.

మా పెదనాన్న కూతురు జగదాంబ దగ్గర బట్టలకొట్లో చేస్తుంది, అక్కడ ఆరుగురే, ఇవన్నీ మాకెక్కడివే అంది. పదిమంది కంటే తక్కువున్నా, ఓనరే వెధవ వేషాలేసినా జిల్లాకి లోకల్ కమిటీ ఉంటుంది, అక్కడ ఇవ్వొచ్చు.

మొన్న మా దగ్గర కొత్త పోస్టర్ పెట్టారు. నంబరు కొట్టి చూశా, రింగయ్యింది, ఎవరో ఎత్తారు కూడా. వాటర్ క్యాన్ మాత్రం ఇంకా దాని ముందే ఉంది.